ఒకటో నంబరు వెనక ఛానల్

మా అక్క నెల్లిమర్లలో ఉంటుంది. ఆమె కూతురు పదో తరగతి. ఈ మధ్య ఆ పిల్ల ఫోన్లో ఏదో యాప్ పెట్టుకుంది. వయసు చాలదు కాబట్టి పెట్టే ప్రతి వీడియోకూ పెద్దవాళ్లు ఎవరో ఒకరు అనుమతి ఇవ్వాలట. బావకి అలాంటివి చూస్తే తలనొప్పి, అక్కకి చూడకుండానే తలనొప్పి. ఇద్దరూ ఆలోచించి నా నంబరు ఇచ్చేశారు. నేను చిన్నప్పుడు టీవీలో చేశాను కాబట్టి నాకైతే మంచీచెడ్డా తెలుస్తుందని అక్క వాదన. పెళ్లి కాలేదు, సొంత గ్యాస్ కనెక్షన్ కూడా లేదు, అయినా ఆ విధంగా నేను ఒక కుటుంబానికి పెద్దనయ్యాను. మొదటి వీడియో వచ్చింది. పిల్ల జడ వేసుకుంటోంది, వెనక నుంచి పిల్లి నడిచి వెళ్లిపోయింది, అంతే. కింద రెండు బటన్లు: అనుమతించు, నిరాకరించు. నేను గడ్డం మీద చెయ్యి వేసుకుని, కనుబొమలు దగ్గరికి తెచ్చి, ఆ పిల్లి ఉద్దేశం ఏమై ఉంటుందా అని ఆలోచించడం మొదలుపెట్టాను. అప్పుడు చింతపండు వాసన తగిలింది. నా గదిలో చింతపండు లేదు. ఇలా ముఖం పెట్టుకున్న మనుషుల్ని ఎక్కడ చూశానో ముందు ముక్కుకి గుర్తొచ్చింది, తర్వాత నాకు.

నేను రాజాంలో ఇంటర్ చదివే రోజుల్లో ఊరికి ఒక సొంత కేబుల్ ఛానల్ ఉండేది. యజమాని దానికి తన కూతురి పేరు పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు లాయరు, కాబట్టి ఛానల్ పేరు రాయను. యజమానిని నాయుడుగారు అనుకుందాం. స్టేషన్ అంటే నాయుడుగారి మేడ మీద రెండు గదులు. ఒక గదిలో డిష్షుల నుంచి దిగిన వైర్లు, చెయ్యి పెడితే కాలే పెట్టెలు, వాటిని చల్లబరచడానికి ఒక టేబుల్ ఫ్యాను. రెండో గదిలో నీలం గుడ్డ కట్టిన గోడ, ప్లాస్టిక్ పూలు, కెమెరా. ఆ గదికి ఫ్యాను లేదు. పెట్టెలకు ఉక్కపోస్తుంది, మనుషులకు పొయ్యదు అని నాయుడుగారి సాంకేతిక పరిజ్ఞానం. పౌడరు రాసుకుని కూర్చుంటే వార్త చదవడం పూర్తయ్యేసరికి మొహం మీద చారలు పడేవి. ఆ ఛానల్లో ఏ వార్త చదివినా చదివినవాడు ఏడుస్తున్నట్టే ఉండేది. అందువల్ల మాకు చావు వార్తల్లో మంచి పేరొచ్చింది.

ఆ మేడ ఎక్కాలంటే ముందు నాయుడుగారి తల్లి సూరమ్మ గారిని దాటాలి. ఆవిడ మెట్ల మొదట్లో పీట వేసుకుని, కాళ్ల మధ్య కత్తిపీట పెట్టుకుని, ఏడాది పొడుగునా చింతపండులో పిక్కలు తీస్తూ ఉండేది. అంత చింతపండు ఆ ఇంట్లో ఎవరు తినేవారో నాకు ఈనాటికీ తెలీదు. స్టేషన్ తాళం ఆవిడ మొలలో ఉండేది. ఊరేది, ఇంటిపేరేమిటి, నాన్న ఏం చేస్తాడు, పొద్దున్న ఏం తిన్నావు, ఇవన్నీ చెబితే గానీ తాళం బయటికి వచ్చేది కాదు. చోడంబలి, అదే రాగి జావ, తాగి వచ్చానంటే బుద్ధిమంతుడు. ఇడ్లీ తిన్నానంటే ఎవరి డబ్బుతో అని ఇంకో ప్రశ్న. ఆడపిల్ల వస్తే తోడు ఇంకో ఆడపిల్ల ఉండాలి. వాళ్లు కిందికి దిగాకే మగపిల్లలు ఎక్కాలి. జంటగా ప్రశ్నోత్తరాల కార్యక్రమం చేయాల్సి వచ్చినప్పుడు ప్రశ్నలు ఒక రోజు, జవాబులు ఇంకో రోజు తీసి అతికించిన ఛానల్ ప్రపంచంలో మాదొక్కటే అయి ఉంటుంది. ఎక్కేటప్పుడు సంచీ చూసేది, దిగేటప్పుడూ చూసేది. కెమెరా పోతుందని కాదు. డాబా మీద ఆవిడ వడియాలు ఎండుతుండేవి.

ఆదివారం ఆదివారం మా కార్యక్రమం వచ్చేది. పేరు ‘రేపటి పౌరులు’. రేపటి పౌరులం కాబట్టి ఈరోజు ఏమీ అనకూడదని దాని భావం. పిల్లలు నోటికొచ్చింది అనేస్తారు, రేపు ఊళ్లో తల ఎత్తుకు తిరగలేం అని నాయుడుగారు ముందే భయపడి ఒక కమిటీ వేశారు. కమిటీలో ఇద్దరు. ఒకరు రామ్మూర్తి మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. రెండోవారు గుంపస్వామి గారు, ధాన్యం వ్యాపారి, రైసుమిల్లు యజమాని, ఛానల్ ప్రకటనల్లో సగం ఆయనవే. నాయుడుగారు కూడా కమిటీలో ఉండేవారు, కానీ ఆయన ఇద్దరూ ఏమంటే అదే అనేవారు కాబట్టి లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

మాస్టారి పద్ధతి చాలా సులువు. ఆయనకు ఎక్కడ నవ్వొస్తే అక్కడ కత్తిరించాలి. నవ్వొచ్చిందంటే అక్కడ ఎవరినో వెక్కిరించినట్టే, ఎవరో అనే మనిషి మన ఊరివాడే అయి ఉంటాడు అని ఆయన తర్కం. ఆయన పాపం నిజాయితీపరుడు, నవ్వొస్తే రాలేదని చెప్పేవారు కాదు. కాలేజీ క్యాంటీన్ సమోసా మీద నేను చేసిన ముక్క చూసి ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారట. మొత్తం తీసేశారు. గుంపస్వామి గారికి నవ్వుతో పని లేదు, ధాన్యంతో పని. ఒకసారి మా క్లాసు కుర్రాడు వాతావరణం గురించి చదువుతూ వాన రావచ్చు అన్నాడు. కళ్లాల్లో ధాన్యం ఎండుతున్నప్పుడు వాన మాట ఎత్తితే రైతులు కంగారుపడతారు, కంగారుపడితే తన దగ్గరికి కాకుండా ఎవడు ముందు వస్తే వాడికి అమ్మేస్తారు, అందుకని వాన తీసేశారు. ఆ ఆదివారం రేపటి పౌరులు ఎండ కాస్తుందని చెబుతుండగా బయట వాన పడింది. కొన్ని వారాలకే మాకు కిటుకు తెలిసిపోయింది. ఎవరికీ నవ్వు రానిది, ఎవరికీ ఏమీ తెలియనిది ఏది రాసినా పాసైపోతుంది. చెట్లు మనకు నీడనిస్తాయి అని నేను రాసిన ప్రసంగానికి మాస్టారు భుజం తట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. మాస్టారికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. గుంపస్వామి గారికి మోకాళ్లు బాగానే ఉన్నాయి కానీ కుర్రాళ్లు తీసింది చూడ్డానికి మేడెక్కడం పరువు తక్కువ. మరి కమిటీ చూసేదెలా? నాయుడుగారు దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. కేబుల్లో ఛానళ్లన్నీ అయిపోయాక, చిట్టచివర ఒక ఖాళీ నంబరు ఉండేది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా టేపు ఆ నంబరు మీద వేసేవారు. మాస్టారు ఇంట్లో పడక కుర్చీలో, గుంపస్వామి గారు కొట్లో గల్లాపెట్టె దగ్గర, ఎవరి టీవీలో వాళ్లు చూసి ఫోన్ చేసి చెప్పేవారు. ఆ నంబరు కమిటీకి తప్ప ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ చూడరని నాయుడుగారి నమ్మకం. జీవితమంతా కేబుల్ వ్యాపారం చేసిన మనిషి, తన వైరు ఊరందరి ఇళ్లలోకీ వెళ్తుందన్న ఒక్క ముక్క మరిచిపోయాడు. ఆ కాలం టీవీల్లో ఒకటో నంబరు నుంచి కిందికి ఒక్కసారి నొక్కితే చాలు, నేరుగా చివరి నంబరుకి పోతుంది. రిమోటు చేతికిచ్చిన ప్రతి పిల్లవాడూ ముందు చేసే పని అదే.

అలా రాజాంలో శనివారం మధ్యాహ్నం ఒక కొత్త అలవాటు పుట్టింది. చేపల పులుసు గిన్నెలు కడిగి, చేతులు కొంగుకి తుడుచుకుని, అమ్మలూ పిన్నులూ టీవీ ముందు చేరేవారు. ఆదివారం వచ్చే ‘రేపటి పౌరులు’ ఎవరూ చూసేవారు కాదు. అందులో చెట్లు నీడనిచ్చేవి. శనివారం వచ్చేదే చూసేవారు, ఎందుకంటే అందులో కమిటీ తీసేయబోయేవన్నీ ఉండేవి. ఆదివారం ఏవి కనబడవో పందేలు కట్టేవారు కూడా ఉన్నారు. కూరగాయల బజారులో నన్ను ఆపి, సమోసా ముక్క బాగుందిరా, మాస్టారు దాన్ని ఉంచరు పాపం అని సానుభూతి చెప్పేవారు. ఊరంతా చూస్తున్నారన్న సంగతి ఊరందరికీ తెలుసు, కమిటీకి తప్ప. ఎవరూ వాళ్లకి చెప్పలేదు. మన ఊళ్లో రహస్యం నిలవదంటారు గానీ, నిలుపుకుంటే లాభం ఉన్న రహస్యాన్ని మావాళ్లంత భద్రంగా ఎవరూ దాచలేరు.

నూకరత్నం ఆ రోజుల్లోనే కార్యక్రమంలోకి వచ్చింది. నా క్లాసే. ఊరు భావనపాడు, వాళ్ల నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. అంత దూరం నుంచి వచ్చి గుంపస్వామి గారి లేడీస్ హాస్టల్లో ఉండేది. హాస్టలంటే ఆయన పాత ధాన్యం గోదామే. వడ్ల బస్తాల కంటే ఆడపిల్లలు నయమని, పురుగు పట్టరని, ఆయన దాన్ని గదులుగా కట్టించారు. మొదటి రోజు సూరమ్మ గారు ఆమెను మెట్ల దగ్గర ఆపడం నేను అక్కడే ఉండి విన్నాను.

"ఎవులమ్మాయివే?"

"భావనపాడు మామ్మా. సేపలోళ్లం."

"మరి వాసన రాలేదేటి?"

"నీ సింతపండు దాటి రావొద్దేటి మామ్మా."

సూరమ్మ గారి చెయ్యి కత్తిపీట మీద ఆగింది. ఇక ఈ పిల్ల మేడెక్కినట్టే అని నేను అనుకున్నాను, వెటకారంగా. ఆవిడ మొలలోంచి తాళం తీసి ఇచ్చేసింది. తోడు పిల్ల ఏదని కూడా అడగలేదు.

రత్నానికి టీవీ మీద మోజు లేదు. ఆమె వచ్చిన పని వేరు. హాస్టల్లో స్నానాల గదులకు తలుపులు లేవు. చెక్క తలుపు నీళ్లకు ఉబ్బిపోతుందని గుంపస్వామి గారు వాటి స్థానంలో రెండు బియ్యం గోనెలు కలిపి కుట్టించి వేలాడదీశారు. గాలి వీస్తే గోనె లేస్తుంది. అందుకని ఒక పిల్ల లోపల స్నానం చేస్తుంటే ఇంకో పిల్ల బయట నిలబడి గోనె రెండు మూలలూ పట్టుకోవాలి. తర్వాత ఈ పిల్ల లోపలికి, ఆ పిల్ల బయటికి. అందరి స్నానాలూ అయ్యేసరికి కాలేజీలో మొదటి క్లాసు అయిపోయేది. మొదటి క్లాసు లెక్కలు. హాజరు తగ్గితే పరీక్షకు హాల్‌టికెట్ ఇవ్వమని కాలేజీవాళ్లు చెప్పేశారు. వార్డెన్ని అడిగితే మీ నాన్నల్ని పిలుచుకు రండి, వాళ్లతో మాట్లాడతాను అంది. అసలు చిక్కు అక్కడుంది. రత్నం నాన్న హాస్టల్లో దింపినప్పుడే చెప్పి వెళ్లాడట, ఇక్కడి గురించి ఒక్క చెడ్డ మాట చెవిన పడినా పెట్టె సర్దించేస్తానని. ఆయన వస్తే తలుపు అడగడు, కూతుర్ని తీసుకుపోతాడు. చెబితే చదువు పోతుంది, చెప్పకపోతే హాల్‌టికెట్ పోతుంది. ఆమెతో పాటు గోనె పట్టుకునే పిల్లలందరిదీ అదే పరిస్థితి.

ఇదంతా విని నాకు ఆవేశం వచ్చింది. ఆ వయసులో ఆవేశం టీ తాగినంత తరచుగా వచ్చేది. దీని మీద మనం ఒక కార్యక్రమం తీయాలి, కమిటీ కాదంటే పోరాడాలి, భావప్రకటన స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చిన హక్కు, అది ఎన్నో అధికరణంలో ఉందో చెప్పలేను గానీ ఉంది, అని క్యాంటీన్ బల్ల మీద చెయ్యి కొట్టి మరీ చెప్పాను. రత్నం సమోసా తినడం పూర్తిచేసి చేతులు దులుపుకుంది.

"ఒరే సిమ్మాసలం, నాకు స్వేచ్ఛ వద్దురా. తలుపు కావాల."

తర్వాత ఆమె అడిగినవి నాకు అప్పుడు చిన్న ప్రశ్నలుగానే కనిపించాయి. మీ ఛానల్ భావనపాడు వస్తాదా అని అడిగింది. రాజాం పొలిమేర దాటితే వైరే లేదన్నాను. మరి ఆ వెనక నంబరో అంది. అదీ అంతే అన్నాను, కొంచెం సిగ్గుపడుతూ. మా ఛానల్ ఇంత చిన్నదా అని ఆమె నిరాశపడిందనుకున్నాను. అప్పటికే ఆమె లెక్క పూర్తయింది, నేనింకా అధికరణం వెతుకుతున్నాను.

కెమెరా మేడ దిగకూడదని నియమం. హాస్టల్లోకి మగపిల్లలు వెళ్లకూడదని ఇంకో నియమం. కాబట్టి హాస్టలే మేడెక్కింది. రత్నం పుస్తకాల సంచీలో గోనె మడిచిపెట్టి తెచ్చింది. సూరమ్మ గారు సంచీ విప్పించి, ఇదేటే అని అడిగింది. రత్నం చెప్పింది, ఏమీ దాచకుండా, ఏడవకుండా, ఎవరు ఎవరికి పట్టుకుంటారో పేర్లతో సహా. ఆవిడ మళ్లీ పిక్కలు తీసుకోవడంలో పడింది, నేను రత్నం వెనకే మెట్లెక్కుతున్నా ఆపలేదు. కాసేపయ్యాక, మేము డాబా మీద గోనె ఎక్కడ కట్టాలా అని వెతుక్కుంటుంటే, రొప్పుకుంటూ పైకి వచ్చింది. ఎండలో పరిచిన వడియాల చీర నాలుగు మూలలూ పట్టుకుని పక్కకు లాక్కుని, బట్టల తీగ కింద చోటు మాకు ఖాళీ చేసి దిగిపోయింది. వడియాలు కదలడం నేను చూసింది అదొక్కసారే.

గాలి కావాలి కదా. ఆ రోజు ఆకు కదల్లేదు. కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, పెట్టెల గదిలో ఫ్యాను తెచ్చి గోనె వైపు తిప్పాను. గోనె లేచింది. దాని మీద గుంపస్వామి గారి మిల్లు బొమ్మ, ‘నంబర్ వన్ క్వాలిటీ’ అన్న అక్షరాలు తలకిందులుగా రెపరెపలాడాయి. మూలలు పట్టుకున్న రెండు చేతులు రత్నానివి. లోపల బకెట్లో మగ్గు ముంచి నీళ్లు పోసిన శబ్దం నాది. మనిషి ముఖం ఎక్కడా లేదు. వెనక ఆమె గొంతు, తెల్లారి ఎవరు ముందు లేస్తారో, ఎవరు ఎవరికి పట్టుకుంటారో, కాలేజీ గంట ఎప్పుడు వినబడుతుందో మామూలుగా చెప్పుకుపోయింది. చివర్లో ఒక్కమాట.

"ఒక్కలు తానం సేస్తే ఇద్దరికి పాఠం పోతాది."

నేను దానికి వయొలిన్ తగిలిద్దామన్నాను. మా దగ్గర చావు వార్తలకు వాడే ముక్క ఒకటి ఉండేది, రాయి కూడా కరిగేది. వద్దురా అంది. ఏడిస్తే జాలిపడి ఊరుకుంటారు, తలుపు పెట్టరు అంది. ఈలోగా ఫ్యాను లేక పెట్టెలు వేడెక్కి, ఊళ్లో ఛానళ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. నాయుడుగారు పరుగెత్తుకొచ్చి ఫ్యాను ఎవరు తీశారన్నారు. పెట్టెలకు ఉక్కపోసిందండి అన్నాను.

శనివారం భోజనాలయ్యాక టేపు వెనక నంబరు మీద వేశారు. కమిటీ ఎప్పుడూ లేనంత త్వరగా తేల్చేసింది. మాస్టారు, నాకు నవ్వు రాలేదు నాయుడూ, కానీ స్నానం అనే మాట ఆడపిల్ల నోట రాకూడదు, మన సంస్కృతి ఏం కావాలి అన్నారట. సంస్కృతికి తలుపు ఉందో లేదో ఆయన చెప్పలేదు. గుంపస్వామి గారు మాత్రం, ఆ గోనె నాది, తిరిగి ఇచ్చీమను అన్నారట. రత్నం ముక్క మొత్తం తీసేశారు. ఆదివారం దాని స్థానంలో చెట్లు రెండోసారి నీడనిచ్చాయి. నేను రత్నం దగ్గరికి ఓదార్చడానికి వెళ్లాను. ఓడిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు వేసుకునే ముఖం వేసుకుని వెళ్లాను. ఆమె నా ముఖం చూసి నవ్వింది. సూడాల్సినోళ్లు నిన్ననే సూసీసినారు కదరా, ఇక ఆదివారంతో పనేటి అంది. అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు. ఆమెకు కమిటీ అనుమతి అక్కర్లేదు, కమిటీ చూపు చాలు. దానితో పాటు ఊరి ఆడవాళ్లు చూస్తారు, పొలిమేర దాటి ఎవరూ చూడరు.

గుంపస్వామి గారి భార్య కూడా శనివారం మధ్యాహ్నం అభిమానుల్లో ఒకరు. ఆయన కొట్లో ఒక్కరూ చూస్తుంటే, ఆవిడ ఇంట్లో ఇరుగుపొరుగులతో కలిసి చూసేది. హాస్టల్లో పలకరాళ్లు పరిపించాను, అద్దంలా ఉంటుంది అని ఆయన చెప్పింది ఆవిడ అందరికీ చెప్పుకుని ఉంది. అందరి ఎదురుగా తలకిందుల గోనె చూసింది. సాయంత్రం ఆయన వచ్చాక ఆవిడ అన్నం మామూలుగానే పెట్టిందట. మర్నాడు పొద్దున్న ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లేసరికి వాళ్ల బాత్రూముకి తలుపు లేదు. దాని స్థానంలో గోనె. తలుపు హాస్టల్‌కి పంపీసినాను, గాలి వస్తే పట్టుకోడానికి ఎవులినైనా పిలుసుకో అందట. ఇది వాళ్ల పనిమనిషి చెప్పిన మాట. మా ఊళ్లో పనిమనుషులు చెప్పేదానికి కమిటీ ఉండదు. ఆ వారంలోనే వడ్రంగి హాస్టల్లో దిగాడు.

నాయుడుగారు పెద్ద విచారణ జరిపారు. టేపు ఎవరికి చూపించావురా అని నన్ను రెండు సార్లు నిలబెట్టి అడిగారు. మాస్టారు లోతుగా ఆలోచించి, ఎవరూ చూడలేదు, ఊరివాళ్లు ఊహించి ఉంటారు అని తేల్చారు. ఇకపై గోనెసంచులు మేడ మీదికి తేకూడదని కొత్త నియమం పెట్టారు. వెనక నంబరు అలాగే ఉంది. ఊరు అలాగే చూసింది.

ఇప్పుడు మేనకోడలి ఫోన్ చూస్తుంటే ఆ కమిటీ మీద నాకు కొంచెం గౌరవం కలుగుతోంది. ఎక్కువేం కాదు. మాస్టారు కత్తిరిస్తే ఆయన ఇంటికెళ్లి, మోకాలికి రాసే తైలం వాసన పీలుస్తూ, ఎందుకు తీశారండీ అని అడగొచ్చు. ఆయన పడక కుర్చీలో సర్దుకుని ఏదో ఒక పనికిమాలిన కారణం చెప్పేవారు. మొన్న ఆ పిల్ల వీడియోను నేను అనుమతించాను. అయినా యాప్ తీసేసింది. నియమాలకు విరుద్ధం అని ఒక్క వాక్యం. ఏ నియమం, ఎవరికి మోకాళ్ల నొప్పి, ఎవరి ధాన్యం ఎండుతోంది, అడగడానికి గుమ్మం లేదు. పిల్లి మీద ఎవరికైనా కోపం ఉందేమో కూడా తెలీదు. తీసేయకుండా ఉంచినవైతే మరీ భయం. అవి పొలిమేర దగ్గర ఆగవు. ఈ రోజుల్లో రత్నం ఆ గోనె వీడియో పెట్టి ఉంటే సాయంత్రానికి భావనపాడు రేవులో వాళ్ల నాన్న చేతిలో ఉండేది, మర్నాటికి ఆమె పెట్టె బస్సు టాపు మీద ఉండేది. మా నాయుడుగారి వైరుకు ఎంత దూరం వెళ్లాలో, ఎక్కడ ఆగిపోవాలో తెలుసు. ఆ తెలివి ఆయనది కాదు, వైరు కొనడానికి ఆయనకు మనసొప్పకపోవడం వల్ల వచ్చింది.

తలుపులు బిగించాక గుంపస్వామి గారు వాటికి ప్రారంభోత్సవం పెట్టారు. పోయిన పరువు రిబ్బను కడితే తిరిగి వస్తుందని ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు. హాస్టల్ నాయుడుగారి వీధిలోనే కాబట్టి మేడ మీద నుంచి వైరు లాగి ప్రత్యక్ష ప్రసారం చేశాం. మా ఛానల్‌కి అదే మొదటి ప్రత్యక్ష ప్రసారం. ప్రత్యక్షంగా వేస్తే కమిటీ ముందు చూడ్డానికి ఏమీ ఉండదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. కమిటీ ఇద్దరూ ముందు వరస కుర్చీల్లోనే కూర్చుని ఉన్నారు. కెమెరా మేడ దిగకూడదన్న నియమాన్నీ, మగవాళ్లు హాస్టల్ గడప దాటకూడదన్న నియమాన్నీ ఆ పూటకు పక్కన పెట్టారు, తలుపులు మగవాళ్లే ఇస్తున్నారు కాబట్టి. కెమెరా నా భుజాన ఉంది. మాస్టారు భారతీయ సంస్కృతిలో తలుపు స్థానం గురించి మాట్లాడారు. గుంపస్వామి గారు రిబ్బను కత్తిరించారు. వందన సమర్పణకు రత్నాన్ని పిలిచారు. కాగితం మాస్టారు రాసి ఇచ్చినదే. ఆమె ఒక్క మాట మార్చకుండా, ఎక్కడా తడబడకుండా, దాతగారి విశాల హృదయం దాకా మొత్తం చదివింది. చప్పట్లు కొట్టారు. ఆమె మైకు ఇవ్వకుండా తలుపు వైపు చూసింది.

"బాబూ, గడియ బయటేపు ఎట్టీసినారు."

అందరూ తలుపు చూశారు. నేను కూడా కెమెరా అటు తిప్పాను. అన్ని తలుపులకూ గడియలు బయటి వైపే మెరుస్తున్నాయి, కొత్తవి, ఇత్తడివి. గుంపస్వామి గారికి ఆ పొరపాటు పొరపాటుగా కనబడలేదు. గోదాము తలుపుకు గడియ బయటే కదా ఉంటుంది. సరుకు లోపల ఉంటుంది, యజమాని బయట ఉంటాడు. రక్షణ కోసమే పెట్టించానమ్మా, రాత్రి వార్డెను వేసుకుంటుంది అని నిండుగా నవ్వుతూ చెప్పారు.

"లోపల ఉన్నది మేం బాబూ. బయట ఉన్నోలికి గడియ ఎందుకు?"

నాయుడుగారు నా పక్కకు వచ్చి చేత్తో ఏదో సైగ చేశారు. కెమెరాలోంచి చూసేవాడు ఒక కన్ను మూసుకోవాలి. నేను మూసుకున్న కన్ను ఆయన వైపుది. వడ్రంగి అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కెమెరా తన మీదికి తిరిగేసరికి ఏదో చేయాలనుకున్నాడో ఏమో, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి మొదటి తలుపు గడియ విప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ వద్దనలేదు. టీవీలో వస్తుండగా వద్దనడం ఎలాగో ఎవరికీ తెలీదు. ఆ స్క్రూలు ఒక్కొక్కటీ తిరిగి బయటికి రావడం, గడియ చేతిలోకి ఊడిరావడం, తలుపు అవతలి వైపు కొత్త కన్నాలు పడడం, మళ్లీ బిగియడం, మొత్తం రాజాం చూసింది. ‘రేపటి పౌరులు’లో ఒక్క కత్తిరింపు లేకుండా వచ్చిన ముక్క అదొక్కటే.

వడ్రంగి పక్కకు జరిగాడు. రత్నం మైకు మాస్టారి ఒళ్లో పెట్టి, లోపలికి వెళ్లి, తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది. నా కెమెరా ముందు మూసిన తలుపు తప్ప ఇంకేమీ లేదు. నేను దాన్నే చూపిస్తూ నిలబడ్డాను. తలుపు తీయమని అడుగుదామని కమిటీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ, అడగలేదు.